పన్నెండో కుర్చీ

మెసేజి పొద్దున్నే వచ్చింది. మా సంఘం వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ పెట్టాడు: ‘మన పాత సభ్యులు, రిటైర్డ్ బస్సు డ్రైవర్ గారు ప్రభువునందు నిద్రించారు. సమాధి సంగతి పెద్దలు కూర్చుని మాట్లాడి తెలియజేస్తారు.’ దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. సమాధి సంగతి మాట్లాడటానికి ఏముంది? మా జహీరాబాద్ గుడి మనిషి పోతే శవపెట్టె ఎన్ని గంటలకు లేస్తుందో చెబుతారు, అంతే. ఈయన విషయంలో మాత్రం మట్టి ఇవ్వాలా వద్దా అని మీటింగు. ఒళ్లు మండిపోయి ఫోను మంచం మీదికి విసిరేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దాచాలని కాదు. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు ఎవరూ లేరు. నేను ‘కాక’ అనేదాన్ని, ఆయన మా నాయినకు చిన్ననాటి దోస్తు కాబట్టి. గుడిలో మిగిలినవాళ్లకు ఆయన యూదా డ్రైవర్. ఇస్కరియోతు యూదా, ముద్దు పెట్టి గురువును అప్పగించినవాడు, ఆ యూదా. ఆ పేరు ఈయనకు ఎలా అంటుకుందో చెబుతాను.

నేను కోహీర్ బడిలో టీచరుగా చేరిన కొత్తలో రోజూ ఆయన బస్సే ఎక్కేదాన్ని. ఇంజను పక్క సీటు నాది. ఆయన ఎవరితో మాట్లాడినా తల తిప్పేవాడు కాదు. పైన ఉన్న అద్దంలో మన మొహాన్ని వెతికి పట్టుకుని, ఆ అద్దంలో మొహంతో మాట్లాడేవాడు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. మా ఇంటికొచ్చి నాయిన ఎదురుగా కూర్చున్నా కళ్లు మాత్రం పైకి, గోడ గడియారం దగ్గర ఉండేవి. తెలియనివాళ్లు పాపం ఎక్కడికో పోవాలేమో అని తొందరగా చాయ్ తెచ్చి ఇచ్చేవాళ్లు. గుడిలో అయ్యగారు ప్రసంగం జోరు పెంచితే ఈయన కుడికాలు నేల మీద మెల్లగా బ్రేకు నొక్కేది. పక్కన కూర్చున్న ఆడవాళ్లం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం.

తల్లిది బీదర్ వైపు. అందుకని కోపం వస్తే కన్నడంలో ‘సాకు’ అనేవాడు, ఇక చాలు అని. ఆ ఒక్క మాటతో బస్సులో లొల్లి ఆగిపోయేది.

ఆదివారం గుడిలో విన్న ప్రసంగాన్ని సోమవారం బస్సులో విప్పి చూడటం ఆయనకు సరదా. శిష్యుల పిలుపు గురించి విన్నప్పుడైతే మరీను. ఒకసారి అద్దంలోంచి అడిగాడు.

“బిడ్డా, చేపలు పట్టేటోళ్లు వలలు ఇడిసిపెట్టి ఆయన ఎంటబడ్డరు. మంచిగనే ఉంది. మరి పేతురుకు అత్త ఉండె గదా. అత్త ఉన్నదంటే పెండ్లాం ఉన్నట్టే. మొగడు వల పారేసి పోయిన దినం ఆ పిల్ల పొయ్యి మీద ఏం పెట్టింది? ఒక్కడన్న రాసిండా?”

“ఏమో కాక, నాకెట్ల తెలుస్తది?”

“పిలిచినోనికి ఎరుక,” అని గేరు మార్చాడు.

అది ఆయన ఊతపదం. పిలిచినోనికి ఎరుక. టైరు పంక్చరైనా అదే, నాకు పెళ్లి సంబంధం తప్పిపోయినా అదే.

ఇంకో రోజు రైలు గేటు పడి బస్సు ఆగిపోయింది. ఎండ. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ఆయన అపొస్తలుల దగ్గరికి వచ్చాడు. “ఆ పన్నెండు మంది పెద్ద చదువులోళ్లు గాదు. ఒకడు వల ఏసేటోడు, ఒకడు సుంకం కాడ కూసునేటోడు. ఆళ్లు ఇండ్లల్ల పండుకుంటే ఆ మాట ఆ చెరువు గట్టుకాన్నే ఆగిపోతుండె. జహీరాబాద్ దాక ఎవడు తెస్తుండె? ఒకడైతే మన దేశమే వచ్చిండంటరు, ఈడనే బల్లెంతోని పొడిచి సంపిన్రంట. ఒకన్ని తలకిందులుగ కొట్టిన్రంట సిలువకు. ముసలోడై మంచంల సచ్చింది ఒక్కడేనంట. పిలిచిండంటే పెండ్లికి పిలిచినట్టు గాదు బిడ్డా.”

“మరెందుకు పోయిన్రు?”

“అపొస్తలుడంటే ఏంది? పంపబడ్డోడు. నా లెక్క. బస్సు నాది గాదు, రూటు నాది గాదు. పో అంటే పోవుడే.”

గేటు లేచింది. ఆయన మాట అక్కడితో ఆపి బస్సు కదిలించాడు.

ఇప్పుడు కుర్చీల సంగతి. మంచి శుక్రవారానికి ముందటి గురువారం సాయంత్రం మా గుడిలో ఒక ఆచారం ఉంది. చివరి రాత్రి గురువు శిష్యుల కాళ్లు కడిగాడు కదా, దానికి గుర్తుగా ముందు పన్నెండు కుర్చీలు వేస్తారు. పన్నెండు మంది మగవాళ్లు కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఆ సాయంత్రానికి ఒక్కో అపొస్తలుడు. అయ్యగారు నడుముకు తువ్వాలు కట్టుకుని, ఇత్తడి పళ్లెం పట్టుకుని, మోకాళ్ల మీద ఒక్కొక్కరి కాళ్లూ కడుగుతారు. ఎవరికి ఏ పేరు రావాలో చీటీలు తీస్తారు. పేతురు పేరు మాత్రం చీటీల్లో ఉండదు. అది మా నాయినది. ఆయన సంఘానికి పెద్ద, కమిటీకి అధ్యక్షుడు. తెల్ల మీసం, పెద్ద గొంతు. ఊరంతా ఆయన్ని పేతురు పెద్దాయన అనేది. ఆ పిలుపు వినబడితే ఆయన నడక మారేది.

కాళ్లు కడిగించుకోవడానికి పోయే ముందు మా ఇంట్లో జరిగే హడావుడి చూడాలి. నాయిన మధ్యాహ్నం నుంచే మడమలు రాయితో రుద్దేవాడు, గోళ్లు తీయించుకునేవాడు, కొబ్బరినూనె రాసుకునేవాడు. మిగతా కుర్చీలవాళ్ల ఇళ్లలోనూ ఇదే తంతు. అయ్యగారి ముందు మురికికాలు చాపితే పరువు ఏం కాను? తళతళలాడే కాళ్లను అయ్యగారు మళ్లీ కడిగేవారు. దీన్ని మేము తగ్గింపు అనేవాళ్లం.

యూదా చీటీ వచ్చినవాడు ఆ రోజు తల వంచుకుని కూర్చునేవాడు. ఒక ఏడు ఆ చీటీ వచ్చినతని ఎద్దు పిడుగు పడి చచ్చింది. తర్వాతి ఏడు ఇంకొకతని కోడలికి కడుపు పోయింది. ఆపైన అందరూ ఆ చీటీ ముట్టేది లేదన్నారు. అప్పటి అయ్యగారు చిన్నవాడు, గొడవ ఎందుకని “పదకొండు మందితో కానిద్దాం” అన్నాడు. పన్నెండో కుర్చీ మడిచి గోడకు ఆనించారు కూడా.

వెనక బెంచీ నుంచి ఈయన లేచాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు, ఖాకీ చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది.

“పన్నెండు మందిని పిలిచిండు గదా అయ్యగారూ,” అన్నాడు. “పేతురును ఎట్ల పిలిచిండో వాన్ని గూడ గట్లనే పిలిచిండు. నువ్వు అమ్ముకుంటవుర, నువ్వు రాకు అన్లే. ఆ రాత్రి వాని కాళ్లు గూడ కడిగిండు. వాని కాళ్లు ఇడిసిపెడితే ఇగ కడుగుడెందుకు?”

ఆయనే పోయి కుర్చీ తెరిచి వేసుకుని కూర్చున్నాడు. చెప్పులు విప్పి కాళ్లు చాపాడు. మా నేల ఎర్రమట్టి కదా, అయ్యగారు నీళ్లు పోయగానే పళ్లెం ఎర్రబడింది. ముందు వరసలో ఉన్న ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఆ తర్వాత ఏటేటా ఆ కుర్చీ ఆయనదే అయింది. ఏటేటా అదే మట్టికాళ్లతో వచ్చేవాడు. నాయిన కోప్పడితే, “కడుక్కొచ్చిన కాళ్లు కడిగించుకునుడేంది? అయ్యగారికి పని లేదా?” అనేవాడు. నాకు ఆయన అంటే ఇష్టం ఏర్పడింది అక్కడే.

పేరు మొదట నవ్వులాటకే అంటుకుంది. డిపోలో, చాయ్ హోటల్లో, పిల్లల నోట్లో. ఆయనా నవ్వేవాడు. ఆయన భార్య నవ్వలేదు. సన్నటి మనిషి, పిల్లలు లేరు, భర్త డ్యూటీ దిగేదాకా గడపలో కూర్చునేది. “నోటికి అలవాటైంది మనసుకు ఎక్కుతది వదినా, ఆ కుర్చీ వద్దని అన్నతోని చెప్పించు మా ఆయనకు,” అని మా అమ్మతో అనేది. మా అమ్మ, ఏదో పిచ్చిది అనుకుంది.

ఆమె ముందు పోయింది. దవాఖానలో చివరిరోజు నేను పక్కనే ఉన్నాను. ఆమె ఎప్పుడూ ఒంటరిగా పడుకుని ఎరగదు, ఆయనకు రాత్రి డ్యూటీ పడితే పక్కింటి పెద్దామెను, మేం ఖాలా అనే ఆమెను, పిలిచి పడుకోబెట్టుకునేది. ఆయన చెయ్యి పట్టుకుని, “ఆడ నన్ను ఒక్కదాన్నే ఉంచకు, నా పక్క జాగ నీదే,” అంది. ఆయన సరే అన్నాడు. ఆ రోజు మాత్రం ఆమె మొహంలోకి చూసే అన్నాడు.

మా సమాధుల తోట చిరాగ్‌పల్లి పోయే దారిలో, హైవే పక్కన. ఆయన రిటైరయ్యాక రోజూ పొద్దున అక్కడికి పోయేవాడు. ఒక సెలవు రోజు నేనూ వెంట పోయాను. భార్య సమాధి పక్కన గడ్డి పీకి, సున్నంతో గీత గీసి జాగా పెట్టుకున్నాడు. నేను చూస్తుండగానే తువ్వాలు దులిపి ఆ గీతల మధ్య వెల్లకిలా పడుకున్నాడు.

“కాక, ఏం పని ఇది? లే!”

“ఆగు. సరిపోతనో లేదో.” పాదాలు గీత దాటి బయటికి వచ్చాయి. “జర పొడుగు తియ్యాలె,” అని ఆకాశం వైపు చూస్తూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదని, ఆ గీతల మధ్య జాగా మాత్రం కావాలని నాకు అప్పుడు అర్థమైంది.

తోటకు అవతలి కొసన చిన్నపిల్లల సమాధులు ఉండేవి. పుట్టి పోయినవాళ్లు, జ్వరాలకు పోయినవాళ్లు. వాటికి రాళ్లు పెట్టరు, మట్టి దిబ్బలే, వానలకు నేలతో కలిసిపోతాయి. ఆ కొస, తోటకు తర్వాతి కాలంలో కలిపిన ముక్క. అందుకని తోటకు హద్దురాళ్లు రెండు వరసలు. పాత రాయి లోపల, కొత్త రాయి పిల్లల సమాధులు దాటాక. పక్క చేనును ఎవరో కొని ప్లాట్లు చేశారు. సర్వేయరు కొలతకు వచ్చినప్పుడు మా వాళ్లెవరో లోపలి రాయి చూపించారు. ఎవరికీ తెలియకముందే జేసీబీ దిగింది. మట్టితో పాటు చిన్న చిన్న ఎముకలు లేచాయి. ఒక తల్లి ఆ మట్టిలో కూర్చుని, తన బిడ్డ చేతికి కట్టిన నల్లపూసలు ఏరుకుంది. ఆ దృశ్యం చూసినవాళ్లెవరూ ఆ రాత్రి అన్నం తినలేదు.

తహసీల్దారు ఆఫీసు, కోర్టు అన్నీ తర్వాత. ముందు సంఘానికి కావలసింది ఒక మనిషి. హద్దు చూపించింది ఎవరు? ప్లాట్ల మనుషులు “మీ ముసలాయనే చూపెట్టిండు” అన్నారు, పేరు తెలియదన్నారు. రోడ్డు పక్క హోటలతను ఆ పొద్దున యూదా డ్రైవర్ సర్వేయరు పక్కన నిలబడి ఉండటం చూశానన్నాడు. ఇంకేం కావాలి?

గుడిలో మీటింగు పెట్టారు. ఆడవాళ్లం కూడా వెళ్లాం. ఈయన లేచి నిలబడ్డాడు.

“నేను ఆడ ఉంటి. రోజూ ఉంట. నా పెండ్లాం ఆడ ఉంది. హద్దు చూపెట్టింది నేను గాదు.”

“మరెవరు?” అన్నాడు సెక్రటరీ.

ఆయన కళ్లు అలవాటుగా పైకి పోయాయి. తర్వాత మెడ తిప్పి అధ్యక్షుడి కుర్చీలో ఉన్న మా నాయినను సూటిగా చూశాడు. నాయిన ఒళ్లో ఉన్న బైబిలు అట్ట మీద దుమ్ము తుడుస్తున్నాడు. సర్వేయరు వచ్చిన పొద్దున నాయిన కూడా ఇంట్లో లేడని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

“పెద్దాయనా, ఆ దినం మీరు పోయిన్రా?” సెక్రటరీ మర్యాదకు అడిగాడు.

“నేనెందుకు పోత? గీ మోకాళ్లతోని?” అన్నాడు నాయిన.

వెనకనుంచి ఎవరో అన్నారు: “నేను గాదు అంటుండు సూడుండ్రి. ఆ ఆఖరి రాత్రి బల్లకాడ యూదా గూడ ‘నేనా’ అనే అడిగిండు గదా!”

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నల్లపూసలు ఏరుకున్న తల్లి వెక్కివెక్కి ఏడ్చింది. అంతమంది మొహాల్లో ఒక్కసారిగా తేటదనం వచ్చింది, వెతుకుతున్నది దొరికినట్టు. ఏటేటా ఆ కుర్చీలో కూర్చోబెట్టి చూసిన కళ్లకు ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? ఆయన “సాకు” అన్నాడు. బయటికి పోయాడు. సభ్యత్వం తీసేశారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లలో పాలు లేదు, సమాధుల తోటలో జాగా లేదు అని తీర్మానం చేశారు. అధ్యక్షుడి హోదాలో దాన్ని చదివి వినిపించింది మా నాయిన.

మర్నాడు నేను ఆయన ఇంటికి పోయాను. ఖాలా ఇచ్చిన చాయ్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

“కాక, నాయిన గూడ ఉండె గదా ఆడ?”

గోడ మీద ఏదో వెతికాడు.

“నువ్వు ఆ ఒక్క పేరు చెప్తే ఐపోతుండె గదా! ఎందుకు చెప్పవు?”

“చెప్తే ఏమైత బిడ్డా?” అన్నాడు నిదానంగా. “గిన్నేండ్లు ఆ కుర్చీల కూసున్న, ఎవ్వన్నీ అప్పగించలే. ఇప్పుడు నా పానం కోసం దోస్తును అప్పగిస్తే, ఆళ్లన్నదే నిజమైతది. ఇగ నేను వాన్నే.”

తనను ద్రోహి అంటున్న నోళ్లు మూయించాలంటే ఆయన ద్రోహం చేయాలి. అలాంటి బోనులో మేమే తీసుకుపోయి నిలబెట్టాం ఆ మనిషిని, ఏటేటా ఆ గురువారం.

“ఆయనే లేస్తడు,” అన్నాడు మళ్లీ. “పేతురు గూడ ఆ రాత్రి గురువు ఎవరో నాకు తెల్వదు తెల్వదన్నడు. కోడి కూసినంక ఏడ్సిండు. మీ నాయిన గట్ల గాదా? లేస్తడు. నా ఫికర్ ఒక్కటే. ఆయన లేవకముందే నేను పోతే, ఆమె పక్క నన్ను పెట్టనిస్తరా?”

ఇంటికొచ్చి నాయినతో గొడవ పడ్డాను. “నాకేం తెల్వదు, నువ్వు బడి సంగతి సూస్కో,” అని కంచం ముందునుంచి లేచిపోయాడు. అయితే నేను కాకను కాదు, నాకు ఆ నియమాలు లేవు. పోయి అయ్యగారికి చెప్పాను, హద్దు చూపించింది మా నాయినే అయి ఉంటుందని. కన్నతండ్రిని అప్పగించాను, దాచేదేముంది. అయ్యగారు జాలిగా చూసి, “ఇంట్లో ఏమన్నా మాటామాటా వచ్చిందా అమ్మా? ప్రార్థన చేద్దాం,” అన్నారు.

ఆ ఏడు గురువారం పదకొండు కుర్చీలే వేశారు. ఆయన వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు, మట్టికాళ్లతోనే. చెప్పులు గుమ్మంలో విప్పి, పన్నెండో కుర్చీ ఉండే చోటికి పోయి నిలబడ్డాడు. అయ్యగారు పేతురు దగ్గర మొదలుపెట్టి కడుగుతూ వచ్చారు. పదకొండో మనిషి అయ్యాక పళ్లెం పట్టుకుని ఒక క్షణం ఆగారు. సెక్రటరీ వైపు చూశారు. పళ్లెం తీసుకుని వెనక్కి తిరిగారు. ఈయన ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు. నేను మా నాయిన మొహమే చూస్తున్నాను. తెల్లగా తోమిన కాళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, ఆయన తువ్వాలు అందుకుని వేళ్ల సందులు తుడుచుకుంటున్నాడు. లేవలేదు. కాక ఒలికిన నీళ్లలో అడుగువేసి బయటికి నడిచాడు. నేల మీద పడ్డ ఎర్రటి అడుగులను ఎవరో వెంటనే గుడ్డతో తుడిచేశారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం గుడి మెట్ల మీద కూర్చుని ప్రసంగం వినేవాడు. ప్రభువు బల్ల మొదలవగానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవాడు. మా నాయిన పక్క తలుపులోంచి రావడం అలవాటు చేసుకున్నాడు.

ఆ పొద్దున మెసేజి చూసి ఆయన ఇంటికి పోయేసరికి ఖాలా గడపలో కూర్చుని ఉంది. “పొద్దుగాల చాయ్ తెచ్చిన టీచరమ్మా. పిలిస్తే పలుకలే,” అంది. మంచం మీద ఆయన వెల్లకిలా ఉన్నాడు. కళ్లు ఎవరూ మూయలేదు. నేను మూశాను.

గుడిలో మీటింగు అన్నారు. నాయిన తనను కూడా తీసుకుపొమ్మన్నాడు. సెక్రటరీ పాత తీర్మానం గుర్తుచేయడం పూర్తి కాకముందే నాయిన లేచి నిలబడ్డాడు. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో, సన్నగా వణుకుతోంది.

“హద్దు చూపెట్టింది నేను. ఆ దినం ఇద్దరం పోయినం. బయటి రాయి గడ్డిల కనవడలే. వాడు ‘ఆగు, ఇంక అవతలకుంది’ అన్నడు. ప్లాట్లోళ్ల ముంగట నాకు చెప్పేటంతోడివా అని కసిరిన. కనవడ్డ రాయి మీద చెయ్యి పెట్టి ఇదే అన్న. మీరు అడిగితే పోలే అన్న. వాడు నా దిక్కు సూసిండు, నేను లేవలే. వాన్ని ఆమె పక్కకు పెట్టుండ్రి. మీ కాళ్లు మొక్కుత.”

లేచాడు, కాక అన్నట్టే లేచాడు. ఇక అంతా తేలిపోయింది అనుకున్నాను.

అయ్యగారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. “చూస్తున్నారా,” అన్నారు సంఘం వైపు తిరిగి. “పోయిన స్నేహితుడి తప్పును కూడా ఈ వయసులో తన మీద వేసుకుంటున్నారు. ప్రేమంటే ఇది.”

“మీ మనసు మాకు తెల్వదా పెద్దాయనా, కూసోండ్రి,” సెక్రటరీ చెయ్యి పట్టుకున్నాడు.

“మనసు గాదుర, చెయ్యి! గీ చెయ్యే!” నాయిన అరిచాడు. కుడిచెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు.

నల్లపూసల తల్లి లేచి వచ్చింది. ఆమె అయినా ఆ చెంప పగలగొడుతుందని ఆశపడ్డాను. ఆమె మా నాయిన కాళ్ల దగ్గర కూర్చుని, “వాని పాపం నువ్వెందుకు మోస్తవు బాపూ,” అని ఏడ్చింది. గుడిలో సగం మంది ఏడ్చారు. ఎవరో నీళ్లు తెచ్చి తాగించారు. నేను లేచి, ఆయన నిజమే చెబుతున్నాడు, నమ్మండి అని గొంతు చించుకున్నాను. బీపీ చూపించమ్మా అని నాకు సలహా ఇచ్చారు. పేతురు మాట పేతురు మీద కూడా చెల్లలేదు. తీర్మానం తీర్మానమే అన్నారు, ఒక్కనికి సడలిస్తే రేపు అందరూ అడుగుతారన్నారు.

మొగుడంపల్లి రోడ్డులో మున్సిపాలిటీ జాగా ఒకటి ఉంది, దిక్కులేని శవాలను పూడ్చేది. అక్కడికే తీసుకుపోయాం. డిపో నుంచి పాత డ్రైవర్లు, కండక్టర్లు కొందరు వచ్చారు. ఖాలా కొడుకులు గుంత తవ్వారు. పొడుగు సరిపోయేలా నేను దగ్గరుండి తవ్వించాను. అయ్యగారు రాలేదు. నాయినను ప్రార్థన చేయమన్నారు. ఆయన నోరు తెరిచాడు, పెదాలు కదిలాయి, మాట రాలేదు. వాన మొదలైంది. పరలోక ప్రార్థన నేనే చెప్పాను. చెబుతున్నంతసేపూ నా తలలో ఉన్నది ఒకటే, ఊరికి ఆ చివర తోటలో ఆమె ఒక్కతే ఉంది.

నాయిన అప్పటినుంచి ఆపలేదు. చాయ్ హోటల్లో చెబుతాడు, పెళ్లిళ్లలో చెబుతాడు, ఆదివారం గుడి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరికీ చెబుతాడు: నేనే చూపెట్టిన, వాడు గాదు. చెప్పిన కొద్దీ జనానికి ఆయన మీద భక్తి పెరుగుతోంది. మొన్న ఆదివారం అలాగే చెబుతుంటే, ఒక పడుచు తల్లి తన బిడ్డను ఎత్తుకుని వచ్చి ముందు నిలబడింది. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించమంది. నాయిన కుడిచెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. ఎంత తగ్గింపో చూడండి అంటూ ఆమె ఆ చేతిని పట్టి లాక్కుని బిడ్డ నెత్తి మీద పెట్టుకుంది.